బీప్ ధ్వని మళ్లింపు

కంప్యూటర్ లోపలి చిన్న స్పీకరు చేసే 'బీప్' శబ్దాన్ని బయటి స్పీకర్లకో, హెడ్‌ఫోన్లకో పంపే ఏర్పాటు ఇది. 1981 నాటి ఐబీఎం పీసీలో ఇంటెల్ 8253 టైమర్ చిప్ ఈ శబ్దాన్ని పుట్టించేది. ఆ చిప్‌కు సెకనుకు అందే 11,93,182 స్పందనలను 1,193తో భాగిస్తే సుమారు 1,000 హెర్ట్జ్ కూత వస్తుంది. సౌండ్ కార్డుతో పనిలేదు. అందుకే స్పీకర్ల వాల్యూమ్ తగ్గించినా బీప్ తగ్గేది కాదు.

2009లో వచ్చిన విండోస్ 7, ప్రోగ్రాములు కోరే బీప్‌ను సౌండ్ కార్డుకు అప్పగించింది. రిమోట్ డెస్క్‌టాప్‌లో, అంటే దూరంలోని కంప్యూటర్‌ను నెట్‌వర్క్ ద్వారా వాడేటప్పుడైతే, అది వాడేవారి ముందున్న యంత్రంలోనే మోగుతుంది. హైదరాబాద్ హైటెక్ సిటీ లాంటి చోట్ల, ఎక్కడో ఉన్న సర్వర్లపై పనిచేసేవారికి ఇది నిజంగా మేలు చేసిన మార్పు. పక్క సీటువాళ్లు ఉలిక్కిపడకుండా హెచ్చరిక హెడ్‌ఫోన్లలో వినబడుతుంది.

స్విచ్ వేయగానే వచ్చే బీప్ సంగతి వేరు. అప్పటికి విండోస్ లోడ్ కాదు కాబట్టి దాని సెట్టింగులేవీ పనిచేయవు. ఈ బీప్‌ను మదర్‌బోర్డు నుంచి తీగతో అందుకోవడానికి కొన్ని పాత సౌండ్ కార్డులకు విడిగా పిన్నులుండేవి. మదర్‌బోర్డు స్పీకరు పిన్నుల్లో ఒకటి సాధారణంగా 5 వోల్టులది. దాన్ని నేరుగా యాంప్లిఫయర్‌కు కలపకూడదు. మధ్యలో కెపాసిటర్, రెసిస్టర్లు ఉండి తీరాలి.