హడగలిలో పుట్టిన సి.ఆర్. రావుగారు, డేటా సైన్స్ నేర్చుకుంటున్న మన పిల్లలు



ఈమధ్య మనవాళ్లు నలుగురు కలిసిన చోటల్లా ఒకటే మాట. "మా వాడి బీఎస్సీ అయిపోయింది, డేటా సైన్స్ కోర్సులో చేర్చమంటారా?" "మా అమ్మాయి పైథాన్ నేర్చుకుంది, అయినా ఇంటర్వ్యూకి పిలుపు రావడం లేదండీ." అప్పుచేసి ఫీజు కట్టినవాళ్లూ ఉన్నారు, కట్టాలా వద్దా అని తేల్చుకోలేనివాళ్లూ ఉన్నారు. దీనికి నా దగ్గర ఒక్క ముక్కలో జవాబు లేదు. కానీ ఈ విద్యకు ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్రలో మన బళ్ళారి వైపు పుట్టిన ఒక తెలుగు మనిషి ఉన్నారు. ఆయన కథ తెలిస్తే మన జవాబు మనకే దొరుకుతుందని రాస్తున్నాను. కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

కల్యంపూడి రాధాకృష్ణ రావుగారు 1920 సెప్టెంబరు 10న హడగలిలో పుట్టారు. అప్పుడది మద్రాసు ప్రెసిడెన్సీలోని బళ్ళారి జిల్లా. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మైసూరు వైపు వచ్చింది. 2021 నుంచి విజయనగర జిల్లా. మల్లెపూలకు పేరున్న హూవిన హడగలి అంటే మనందరికీ తెలిసిన ఊరే. తండ్రి పోలీసు ఇన్‌స్పెక్టరు. ఎనిమిదో సంతానం కాబట్టి కృష్ణుడి పేరు పెట్టారు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం ఇలా ఊళ్లు మారుతూ చదువు సాగింది. తల్లి లక్ష్మీకాంతమ్మగారు తెల్లవారుజామున నాలుగింటికే లేపి, నూనెదీపం వెలిగించి చదువుకు కూర్చోబెట్టేవారట. పెద్దయ్యాక తన పుస్తకమొకటి ఆమెకు అంకితమిస్తూ ఆయనే ఈ సంగతి రాసుకున్నారు.

1940లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితంలో మొదటి ర్యాంకుతో పట్టా వచ్చింది. ఉద్యోగం మాత్రం రాలేదు. పరిశోధన స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెడితే ఆలస్యంగా అందిందని తోసిపుచ్చారు. అప్పటికి రెండో ప్రపంచయుద్ధం నడుస్తోంది. సైన్యం సర్వే విభాగంలో గణితం తెలిసినవాళ్లు కావాలంటే ఇంటర్వ్యూకి కలకత్తా వెళ్లారు. అదీ రాలేదు. ర్యాంకు ఉన్న మనిషికే ఈ పరిస్థితి. రెండు మూడు చోట్ల కాదన్నారని దిగాలు పడిన మన పిల్లలకు ఈ సంగతి తప్పకుండా చెప్పండి.

కలకత్తాలో దిగిన చోట ఒక యువకుడు పరిచయమయ్యాడు. భారత గణాంక సంస్థలో శిక్షణకు వచ్చానని చెప్పాడు. 1931లో ప్రశాంత చంద్ర మహలనోబిస్‌గారు ప్రెసిడెన్సీ కాలేజీలో మొదలుపెట్టిన సంస్థ అది. రావుగారు వెళ్లి చూసి, 1941 జనవరి 1న శిక్షణలో చేరారు. అదే ఏడాది కలకత్తా విశ్వవిద్యాలయం గణాంకశాస్త్రంలో ఎంఏ ప్రారంభించింది. ఆ తొలి బృందంలో చేరి, 1943లో బంగారు పతకంతో బయటికొచ్చారు. ఆ తర్వాతే ఆ సంస్థలో ఉద్యోగం. ఈ రోజు మనం "కోర్సు చేసి ఉద్యోగానికి తయారవడం" అంటున్నామే, 80 ఏళ్ల క్రితం ఆయన చేసింది అచ్చంగా అదే.

అప్పటి పనిముట్లు ఏమిటంటారా? కాగితం, పెన్సిలు, చేత్తో తిప్పే లెక్క యంత్రం. ఆ సంస్థకు తొలి కంప్యూటరు 1956లో గానీ రాలేదు. రావుగారికి ప్రపంచఖ్యాతి తెచ్చిన వ్యాసం మాత్రం 1945లోనే వచ్చింది, కంప్యూటరు కన్నా పదకొండేళ్లు ముందు.

ఆ వ్యాసం వెనక ఒక ముచ్చట ఉంది. 1944లో రావుగారు పాఠం చెబుతుంటే దాండేకర్ అనే విద్యార్థి ఒక ప్రశ్న వేశాడు. ఈయనే తర్వాత పుణె గోఖలే సంస్థలో పేరుమోసిన ఆర్థికవేత్త వి.ఎం. దాండేకర్, మహారాష్ట్ర మిత్రులకు తెలిసే ఉంటారు. ఫిషర్ అనే ఇంగ్లండు పండితుడు చాలా పెద్ద సంఖ్యలో లెక్కలున్నప్పుడు వర్తిస్తుందని చెప్పిన సూత్రం, కొద్దిపాటి లెక్కలున్నప్పుడు కూడా వర్తిస్తుందా అని అడిగాడు. రావుగారు ఆ రాత్రి కూర్చుని జవాబు సాధించారు. ఇవాళ దాన్ని క్రామర్–రావు అసమానత అంటున్నారు. మామూలు మాటల్లో చెప్పాలంటే, మన చేతిలో ఉన్న సమాచారం ఇంతే అయితే, పక్షపాతం లేని ఏ పద్ధతి వాడినా ఒక హద్దుకు మించి కచ్చితత్వం రాదు.

1946లో కేంబ్రిడ్జికి పిలుపొచ్చింది. సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వి తీసిన పురాతన అస్థిపంజరాల కొలతలను విశ్లేషించాలి. ఒక గుంపు మనుషులకూ మరో గుంపుకూ ఎంత తేడా ఉందో కొలిచే మహలనోబిస్ దూరం అనే పద్ధతిని అక్కడ వాడారు. ఫిషర్ దగ్గరే 1948లో పీహెచ్‌డీ తీసుకున్నారు. 2001లో పద్మవిభూషణ్ వచ్చింది. 2023లో అంతర్జాతీయ గణాంక పురస్కారం అందుకుని, అదే ఏడాది ఆగస్టులో 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఇప్పుడు మన పిల్లల దగ్గరికి వద్దాం. పైథాన్‌లో సైకిట్-లెర్న్ తెరిచిన ప్రతివాళ్లూ మొదట చేసే అభ్యాసం ఐరిస్ పూల లెక్క. 150 పూలు, 3 జాతులు, 4 కొలతలు. దాన్ని 1936లో వ్యాసంగా వెలువరించింది ఆ ఫిషరే. మహలనోబిస్ దూరం కూడా 1936 నాటిదే, ఇప్పుడు పైథాన్‌లో ఒక్క వరుసలో వస్తుంది. పైథాన్ 1991లో వచ్చింది. ఆర్ భాష 1990లలో న్యూజిలాండ్‌లో ఇద్దరు అధ్యాపకుల చేతిలో పుట్టింది. ఎస్‌క్యూఎల్ 1970లలో ఐబీఎంలో పుట్టి, యాభై ఏళ్లయినా ఆఫీసుల్లో చెక్కుచెదరలేదు. పనిముట్లు వస్తూ పోతూ ఉంటాయి. వాటి కింద ఉన్న ఆలోచన నిలబడుతుంది.

అందుకని పిల్లలకు నేను చెప్పేది ఇది. ఎక్సెల్, ఎస్‌క్యూఎల్ గట్టిగా రావాలి. పైథాన్, ఆర్‌లలో ఏదో ఒకటి చాలు. సగటు, విస్తరణ, నమూనా, సంభావ్యత పుస్తకం చూడకుండా వివరించగలగాలి. ఇవన్నీ స్వయం, ఎన్‌పీటెల్ పాఠాల్లో ఉచితంగా దొరుకుతాయి. గూగుల్ కొలాబ్ ఉంటే ఖరీదైన ల్యాప్‌టాప్ కూడా అక్కర్లేదు. ఫీజు కట్టేముందు మూడు నెలలు ఇలా చేసి చూడండి. అప్పటికీ ఆసక్తి నిలిస్తే అప్పుడు ఆలోచించవచ్చు.

ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ల కన్నా ఎక్కువ పనికొచ్చేది సొంతంగా చేసిన ఒక పని. ఐరిస్ పూలు అందరూ చేసేవే. "ఈ లెక్కలు ఎక్కడివి? ఖాళీగా ఉన్న గడులను ఏంచేశావు? నీ జవాబును ఎంతవరకు నమ్మవచ్చు?" అని అడిగితే తడబడకుండా చెప్పగలగాలి.

అలాంటి పని మన ఇంటి ముందే ఉంది. జనాభా లెక్కల్లో సి-16 అని మాతృభాషల పట్టిక ఉంటుంది. ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. 2011లో దేశం మొత్తం మీద తెలుగు మాతృభాష అని చెప్పినవారు 8 కోట్ల 11 లక్షలు. ఒక్క తమిళనాడులోనే 42 లక్షల పైచిలుకు. మరి మన జిల్లాల్లో పెరిగామా, తగ్గామా? ఈ లెక్క చూసినంత తేలిక కాదు. 2001లో కోలారు ఒకటే జిల్లా, 2007లో చిక్కబళ్ళాపురం విడిపోయింది. ఇది గమనించకుండా 2001 కోలారును 2011 కోలారుతో పోల్చితే తెలుగువాళ్లు ఒక్కసారిగా మాయమైనట్టు కనిపిస్తుంది. తాలూకాల లెక్క తీసి, పాత జిల్లాను మళ్లీ కూర్చితేనే నిజం తెలుస్తుంది. డేటాను శుభ్రం చేయడమంటే ఇదే. ఉద్యోగంలో రోజూ చేయాల్సిన పనిలో ఎక్కువ భాగం కూడా ఇదే.

తెలుగు బడి కావాలనో, గ్రంథాలయం కావాలనో మనం అర్జీ పెట్టిన ప్రతిసారీ "మీవాళ్లు ఎంతమంది ఉన్నారు?" అని అడుగుతారు. చాలామంది ఉన్నారండీ అంటాం. చాలామంది అనేది లెక్క కాదు. పిల్లలు ఈ పని చేస్తే వాళ్లకు చూపించుకోవడానికి ఒక ప్రాజెక్టు, మనకు చేతిలో ఒక కాగితం.

కర్ణాటక పట్టిక పని మా వైపు పిల్లలతో మొదలుపెట్టిస్తాను. తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర, యానాం మిత్రులు మీ మీ జిల్లాల బాధ్యత తీసుకోండి. ఆసక్తి ఉన్న పిల్లలెవరైనా ఉంటే కింద ఒక మాట రాయండి. గణాంకాలు, సాఫ్ట్‌వేర్ రంగాల్లో పనిచేస్తున్న సభ్యులు ఆదివారం ఒక గంట కేటాయించి పిల్లల సందేహాలు తీర్చగలిగితే ఇంకా మంచిది.