నలభై సైజు దాటితే తుక్కే

పెనుమూడి దగ్గర కృష్ణమీద వంతెన పడకముందు, అవతలి పులిగడ్డకు వెళ్లాలంటే రేవు దాటాల్సిందే. ఇప్పుడు 216 జాతీయ రహదారి మీద లారీలు నిమిషాల్లో దివిసీమలో దిగుతున్నాయి. రేవు సందడి తగ్గింది గానీ, రేపల్లె శివారు పొలాల్లో ఆయిల్ ఇంజను చప్పుడు ఇంకా పోలేదు. 1855లో బెజవాడ ఆనకట్ట, 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చినా, కాలవ చివరి చేనుకు నీళ్లందని ఏడాది డ్రెయిన్లోంచి తోడుకోక తప్పదు.

ఆ ఇంజన్లకు పెద్దన్న లిస్టర్ సీఎస్. 1929లో ఇంగ్లండులోని డర్స్‌లీలో పుట్టింది. నిమిషానికి 600 చుట్లు తిరిగి అయిదు గుర్రాల బలం ఇచ్చేది. 1946లో పుణెలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ మొదలైంది. రాజ్‌కోట్ వాళ్లయితే లిస్టర్ నమూనానే దశాబ్దాలపాటు పోతపోశారు. ఈ ఇంజన్లలో పిస్టను తోపును తిరుగుడుగా మార్చే ఇరుసే క్రాంకు; దాని తిప్పలు కార్లకూ ఉన్నాయి. కిర్లోస్కర్ మొదలవడానికి ఏడాది ముందే ఇంగ్లండులో ఎంజీ టీసీ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు రోడ్డెక్కింది. నాలుగు సిలిండర్లు, 1250 సీసీ. క్రాంకును మోసేవి మూడే బేరింగులు, తిరిగేది మాత్రం 5000 చుట్లకు పైన! పాత టీసీ క్రాంకులు పగులుతాయంటే పగలవూ మరి?

పొలం ఇంజనైనా, పందెం కారైనా క్రాంకును పరీక్షించే పద్ధతి ఒకటే. మంట దెబ్బ ఎప్పుడూ ఒకే పక్క పడుతుంది కాబట్టి కనెక్టింగ్ రాడ్డు పట్టుకునే పిన్ను గుండ్రం తప్పి కోడిగుడ్డు వాటానికి వస్తుంది. అందుకే మైక్రోమీటరుతో ఒక్కచోట కొలిస్తే చాలదు, తిప్పి తిప్పి కొలవాలి. పగులు పట్టుకోవడానికి పాత మెకానిక్కుల కిటుకు ఒకటుంది. క్రాంకును కిరసనాయిల్లో నానబెట్టి, పొడిగా తుడిచి, సుద్దపొడి పూసి, సుత్తితో మెల్లగా తడతారు. పగులుంటే అందులో దాగిన కిరసనాయిలు బయటికొచ్చి సుద్దమీద సన్నటి గీత పడుతుంది. ఎక్కువగా పిన్ను చివర, మలుపు తిరిగే మూలలోనే. గీత కనబడిందా, ఇక గ్రైండింగు ఖర్చు దండగ.

పగులు లేకపోతే పది సైజుకు సాన పడతారు. అంటే అంగుళంలో వెయ్యో వంతులు పది, సుమారు పావు మిల్లీమీటరు. ఆ మేరకు మందమైన బేరింగులు వేస్తారు. తర్వాత ఇరవై, ముప్పై, నలభై. మామూలుగా ఆ పైన బేరింగులు దొరకవు. సాన పట్టేటప్పుడు మూలలోని గుండ్రదనాన్ని చెరిపి పదును చేసేశారో, బాగుచేసిన చోటే క్రాంకు విరుగుతుంది.

అందుకే పాత క్రాంకు కొనేటప్పుడు మెరుపు చూడకూడదంటాను. అద్దంలా మెరిసే నలభై సైజు కన్నా, పైన తుప్పు పట్టినా పిన్నులు చెడని, ఇంకా సాన పట్టని స్టాండర్డ్ క్రాంకు నయం. టీసీ యజమానుల్లో చాలామంది ఇప్పుడు కొత్తగా చేయించిన ఉక్కు క్రాంకు వేసుకుంటున్నారు. పాతదే ఉండాలని పట్టుబట్టేవాళ్లతో నాకు పేచీ లేదు, వాళ్లు గట్టిగా తోలనంతవరకు!

మన దగ్గర పని చాలించిన క్రాంకుకు తుక్కు కొట్టే దారి. ఆ తుక్కుకూ తెనాలిలో గిరాకీ ఉంది. శిల్పి కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర వాహనాల ఇనుప తుక్కును అతికి విగ్రహాలు చేస్తారు. 2021లో ప్రధాని మోదీ 14 అడుగుల విగ్రహం వాళ్లు చేసిందే.