కుమావున్ కొండలలో కార్చిచ్చు

నిప్పు పెట్టినవానిని మన స్మృతికారులు ఆతతాయిగా లెక్కించి, విషం పెట్టినవాని సరసన నిలిపినారు. పంటను, ఇంటిని, ప్రాణాన్ని ఒక్క రాత్రిలో హరించే అపరాధానికి అంతకంటె తక్కువ పేరు తగదు. అయినా చరిత్రలోని కొన్ని మంటల వెనుక ఒక వ్యక్తి పగ గాక, ఒక ప్రజాసమూహపు తీర్పు కనిపిస్తుంది. 1921 వేసవిలో హిమాలయ సానువులలోని కుమావున్ అడవులను దహించిన అగ్ని అట్టిది.

ఆ కొండవాసులకు నిప్పు కొత్తది కాదు. అక్కడ చీడ్ అని పిలువబడే సరళవృక్షాలు విస్తారం. సూదులవంటి వాటి ఆకులు రాలి నేలను కప్పివేస్తే గడ్డి మొలవదు. పశువులు కాలు జారి పడుతవి. అందువల్ల ఎండలు ముదిరినప్పుడు ఆ ఎండుటాకులను కాల్చి, తొలకరికి లేతపచ్చిక మొలిపించుట వారి పూర్వాచారం. ప్రభుత్వానికో, అదే చెట్టు రైలు పట్టాల క్రిందికి స్లీపర్లను, టర్పెంటైనుకు బంకను ఇచ్చే ధనరాశి. దాని లేతమొక్కలకు నిప్పు శత్రువు. 1911, 1917 సంవత్సరాల మధ్య సుమారు 3,000 చదరపు మైళ్ళ అడవి రిజర్వులో చేరినది. నిన్నటి ఆచారం నేడు నేరమైనది.

దీనికి తోడు వెట్టి. పర్యటనకు వచ్చిన అధికారుల సామానును గ్రామస్థులు మోయవలె. 1921 జనవరిలో, ఉత్తరాయణపు జాతరకు బాగేశ్వర్‌లో చేరిన వేలాది ప్రజలు, బద్రీదత్త పాండే ప్రభృతుల నాయకత్వాన, వెట్టి చేయమని ప్రతిన పూని, ఆ పట్టీలను సరయూనదిలో విసిరివేసినారు. ఆ వేసవిలోనే అడవులు అంటుకొన్నవి. అగ్నిరక్షణలో ఉన్న దాదాపు 4 లక్షల ఎకరాలలో 2 లక్షల 46 వేల ఎకరాలు కాలిపోయినవి. సేకరించిన బంక వేల మణుగులు బూడిదైనది. నిప్పు పెట్టినవారెవరో చెప్పే సాక్షి దొరకుట దుర్లభమైనది.

కాలినదేదో చూచినంత శ్రద్ధతో మిగిలినదేదో కూడా చూడవలె. కాలినవి ప్రధానంగా సరళవృక్షాల అడవులు. పశువులకు మేతను, పొలానికి ఆకు ఎరువును, పొయ్యికి కట్టెను ఇచ్చే ఓకు అడవుల జోలికి మంట అంతగా పోలేదు. ఓకు అడవి తేమగలది, త్వరగా అంటుకోదు అన్నమాట నిజమే. కాని సర్కారుకు రాబడినిచ్చే అడవి కాలి, పల్లెను పోషించే అడవి నిలుచుటను కేవలం ప్రకృతి విలాసమనలేము.

అంతమాత్రాన ఆ అగ్ని నిర్దోషి కాదు. లేతమొక్కలు, గూళ్ళలోని పక్షులు ఏ చట్టాన్నీ చేయలేదు, అయినా కాలినవి. ఆ ఏడే ప్రభుత్వం కుమావున్ అటవీ కష్టాల విచారణకు ఒక సంఘాన్ని నియమించినది. తరువాత, వాణిజ్యపు విలువ తక్కువైన అడవులపై కట్టుబాట్లు సడలినవి. విలువగలవి అటవీశాఖ చేతిలోనే నిలిచినవి. 1931లో వన పంచాయతీల నిబంధనలు వెలువడి, గ్రామసభలకు కొన్ని అడవుల పాలన దక్కినది. నిప్పు పెట్టినవారని నింద మోసిన కొండపల్లెలకే అడవి కావలి అప్పగింపబడినది. ఆ పంచాయతీలు ఉత్తరాఖండంలో నేటికీ ఉన్నవి.