రోజ్‌బడ్ నేల మీద పందుల షెడ్లు

ఈనబోయే పందిని దగ్గర నుంచి చూసినవాళ్లకు ఒక సంగతి తెలుసు. ఒక రోజు ముందు నుంచే అది ఒకచోట నిలవదు. ఎండుగడ్డి, ఆకులు, చింపిగుడ్డలు, ఏది దొరికితే అది నోట కరుచుకొచ్చి ఒక మూలన పోగేస్తుంది. ముట్టెతో నేల తవ్వి గుంట చేసి, దాంట్లో పరుచుకుంటుంది. ఎవరూ నేర్పరు, తొలిచూలు పంది కూడా అలాగే చేస్తుంది. ఎరుకల పేటల్లో ఇది చదువు రాని ముసలమ్మ కూడా చెప్పే మాట. పంది మనకు సొమ్ము. పిల్ల పెళ్లికీ, ఆస్పత్రి ఖర్చుకీ అమ్ముకున్నది దాన్నే. ఊళ్లో దాని పేరు తిట్టయింది, దాన్ని పెంచినందుకు మన పేరూ తిట్టయింది. అది వేరే కథ.

ముసలమ్మలు చెప్పేదాన్ని శాస్త్రవేత్తలు రాసిపెట్టడానికి 1980ల దాకా పట్టింది. స్కాట్లాండులోని ఎడిన్‌బరో దగ్గర స్టోల్బా, వుడ్-గుష్ అనే ఇద్దరు పరిశోధకులు ఫారం పందులను చెట్లు, పొదలు, బురద ఉన్న విశాలమైన ఆవరణలో వదిలి చూశారు. ఆ పందులు గూడు కట్టాయి, నేల తవ్వాయి, పడుకునే చోటికి దూరంగా వెళ్లి మలవిసర్జన చేశాయి. తరతరాలుగా ఫారాల్లో పెరిగిన జాతి అయినా దేన్నీ మరిచిపోలేదు.

మరి ఫారంలో ఏం జరుగుతుంది? చూలు పందిని ఇనప కడ్డీల అరలో నిలబెడతారు. వెడల్పు సుమారు రెండడుగులు, పొడవు ఏడడుగులు. లేవవచ్చు, పడుకోవచ్చు, వెనక్కి తిరగడానికి మాత్రం వీలుండదు. పంది చూలు కాలం 114 రోజులు, అంటే మూడు నెలలు, మూడు వారాలు, మూడు రోజులు. అన్ని రోజులూ అక్కడే. ఈనే ముందు మరో అరలోకి మారుస్తారు. అక్కడ గడ్డిపరక ఉండదు. అయినా అది ముట్టెతో సిమెంటును తవ్వబోతుంది, కడ్డీలను కొరుకుతుంది. కింద సందులున్న నేల. పేడ, మూత్రం ఆ సందుల్లోంచి గుంటలోకి పోతాయి. ఆ వాయువు మధ్యే వాటి ఊపిరి. పిల్లలు విసుగెత్తి ఒకదాని తోక ఒకటి కొరుక్కుంటాయి. అందుకని విసుగు పోగొట్టే మార్గం చూడరు, తోకలే కోసేస్తారు. చాలాచోట్ల ఇదంతా మత్తుమందు లేకుండానే.

మన పెంపకం పుణ్యకార్యమని మేము అనడం లేదు. మన పేటల్లోనూ మగపిల్లలకు బ్లేడుతోనే విత్తులు తీస్తారు, కోసేటప్పుడు పంది అరుపు వీధంతా వినిపిస్తుంది. కానీ మన పంది బతికినన్నాళ్లూ నడుస్తుంది. తేడా అక్కడుంది.

ఈ పద్ధతిని 1964లో రూత్ హారిసన్ అనే ఇంగ్లండు మహిళ ‘యానిమల్ మెషిన్స్’ అనే పుస్తకంలో బయటపెట్టారు. జంతువును యంత్రంలా వాడుతున్నారన్నది పేరులోనే ఉంది. జనం గగ్గోలు పెట్టడంతో బ్రిటిష్ ప్రభుత్వం బ్రాంబెల్ అధ్యక్షతన కమిటీ వేసింది. లేవడం, పడుకోవడం, వెనక్కి తిరగడం, ఒళ్లు శుభ్రం చేసుకోవడం, కాళ్లు చాపుకోవడం, ఈ ఐదింటికి ఏ జంతువుకైనా చోటుండాలని 1965లో ఆ కమిటీ రాసింది. అడిగింది అంతే. ఆ మాత్రానికే బ్రిటన్‌లో చూలు పందుల అరలు పోవడానికి 1999 దాకా పట్టింది.

అమెరికాలో ఇంకో దారి నడిచింది. అక్కడ 1966 నాటి జంతు సంక్షేమ చట్టం తిండి కోసం పెంచే పశువులకు వర్తించదు. కాబట్టి 1980, 90లలో పందుల పరిశ్రమ ఎక్కడ నేల చవకో, ఎక్కడ అడిగేవాళ్లు తక్కువో అక్కడికి పాకింది. నార్త్ కరోలినా రాష్ట్రంలో అలా నిండిపోయింది. ఆ ఫారాల పక్కన బతుకుతున్నవాళ్లలో నల్లవాళ్లు, లాటిన్ అమెరికా వలసవాళ్లు, ఆదివాసులు జనాభాలో వాళ్ల పాలు కంటే ఎక్కువని అక్కడి పరిశోధకులు 2014లో లెక్కగట్టి చూపారు. మనకు ఆశ్చర్యం కలిగించే లెక్కేమీ కాదు.

ఇక మనం వివరంగా తెలుసుకోవలసింది సౌత్ డకోటాలోని రోజ్‌బడ్ కథ.

రోజ్‌బడ్ సూ తెగవాళ్లు సిచాంగు లకోటాలు. ఒకప్పుడు అడవిదున్నల మందల వెంట బతికినవాళ్లు. తెల్లవాళ్లు ఆ మందలను చంపి, 1889లో వాళ్ల రిజర్వేషన్‌ను ముక్కలు చేసి, తర్వాత మిగులు భూమి పేరుతో ఇంకా కోసుకున్నారు. మెల్లెట్ కౌంటీ అలా 1910 చట్టంతో బయటివాళ్లకు తెరుచుకున్నదే. అక్కడ అక్కడక్కడా మిగిలిన తెగ భూమిని ఫెడరల్ ప్రభుత్వం వాళ్ల తరఫున ధర్మకర్తగా చూస్తుంది. మన ఏజెన్సీ భూమి లాంటిదే అనుకోండి, పూర్తిగా ఒకటి కాదు.

1998 సెప్టెంబరులో సన్ ప్రెయిరీ అనే కంపెనీ ఆ భూమిని లీజుకు తీసుకుంది. 13 చోట్ల షెడ్లు కడతామంది. పూర్తయితే ఏడాదికి 8,59,000 పందులు, ప్రపంచంలో మూడో పెద్ద పందుల ఫారం. లీజు మీద సంతకం పెట్టింది తెగ కౌన్సిలే. వాళ్లను తిట్టడం తేలిక. ఊళ్లో పని లేదు, యువకులు తాగుడులో పోతున్నారు, ఒక కంపెనీ వచ్చి ఉద్యోగాలు ఇస్తానంటే ఏ పెద్దమనిషైనా ఆలోచిస్తాడు. అదే ఏడాది నవంబరులో ఆ రాష్ట్ర ఓటర్లు కంపెనీ వ్యవసాయాన్ని అడ్డుకునే సవరణకు ఓటేశారు. రాష్ట్రం వద్దనుకుంటున్నది తెగ నేల వైపు తిరిగిందన్నమాట.

తెగలోనే కొందరు ఎదురు తిరిగారు. రోజ్‌బడ్ ప్రాంత పౌరులుగా ఒక సంఘం కట్టుకుని, జంతు సంక్షేమం కోసం పనిచేసే హ్యూమేన్ ఫార్మింగ్ అసోసియేషన్‌తోనూ, పర్యావరణ సంఘాలతోనూ కలిసి కోర్టుకెళ్లారు. నీటి గురించి అడిగారు, పూర్వీకుల చోట్ల గురించి అడిగారు. 1999 జనవరి 27న ఇంటీరియర్ శాఖ సహాయ కార్యదర్శి కెవిన్ గోవర్ ఆ లీజు చెల్లదన్నారు. ఆయనా ఆదివాసే, పానీ తెగవారు. పర్యావరణ పరిశీలన సరిగా జరగలేదన్నది ముఖ్య కారణం. కంపెనీ ఊరుకుంటుందా? తెగను కూడా తన పక్కన నిలబెట్టుకుని కింది కోర్టుకెళ్లి నిలుపుదల ఉత్తర్వు తెచ్చుకుంది. కట్టడం సాగింది.

అప్పీలు నడుస్తుండగా తెగ నాయకత్వం మారింది. కొత్త నాయకత్వం కంపెనీ పక్షం వదిలి అవతలి పక్షంలో నిలబడింది. 2002లో ఎనిమిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు కంపెనీ దావా నిలవదని చెప్పింది. ఆ తీర్పులో మన పిల్లలు గుర్తుపెట్టుకోవలసిన మాట ఒకటుంది. ఆదివాసుల భూమి లీజులకు ప్రభుత్వ అనుమతి కావాలన్న చట్టాలు ఆదివాసులను కాపాడటానికి చేసినవి, కంపెనీ లాభాన్ని కాపాడటానికి కాదు. కాబట్టి వాటిని పట్టుకుని దావా వేసే హక్కు కంపెనీకి లేదు. మన దగ్గర 1997లో సమత తీర్పు చెప్పినదానికి ఇది దూరపు చుట్టం.

13 చోట్ల అన్నవాళ్లు రెండు చోట్ల మాత్రమే కట్టగలిగారు.

అయితే ఒకటి గమనించాలి. ఇన్నేళ్ల వ్యాజ్యంలో నీటికి చోటుంది, సమాధులకు చోటుంది, సంతకాలకు చోటుంది. పందికి లేదు. ఆ షెడ్లలో అది ఎలా బతుకుతుందో తేల్చమని ఏ న్యాయమూర్తినీ ఏ చట్టమూ అడగలేదు. తర్వాత్తర్వాత కొన్ని రాష్ట్రాల్లో ఓటర్లే చూలు పందుల అరలను వద్దన్నారు, 2002లో ఫ్లోరిడా, 2006లో అరిజోనా, 2018లో కాలిఫోర్నియా. కాలిఫోర్నియా చట్టం మీద పందిమాంసం కంపెనీల సంఘం సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2023 మేలో ఓడిపోయింది. యూరప్ దేశాల్లో 2013 నుంచి చూలు కాలంలో ఎక్కువ రోజులు పందులను గుంపులుగానే ఉంచాలి.

మన దేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం పదకొండో సెక్షన్ ఉంది. కదలడానికి తగినంత ఎత్తు, పొడవు, వెడల్పు లేని బోనులో ఏ జంతువునూ ఉంచకూడదని అందులో స్పష్టంగా రాసుంది. పంది పేరు వేరుగా లేదు, కానీ ‘ఏ జంతువునూ’ అన్నప్పుడు పందీ అందులోనే. రేపు మన యువకుల దగ్గరికి సబ్సిడీ, లోను కాగితాలతో పందుల షెడ్డు పథకం వస్తే, అర వెడల్పు ఎంతో, గడ్డి వేస్తారో లేదో, పేడ నీళ్లు ఏ వాగులోకి పోతాయో గ్రామసభలో అడగండి. అడగడానికి పెద్ద చదువు అక్కర్లేదు, అమ్మమ్మను పక్కన కూర్చోబెట్టుకుంటే చాలు.

రోజ్‌బడ్ వాళ్లు 2020లో సుమారు 28,000 ఎకరాల తెగ భూమిని అడవిదున్నలకు కేటాయించారు. ఆ ఏడాది అక్టోబరులో జాతీయ పార్కుల నుంచి లారీల్లో మొదటి మంద వచ్చింది. తలుపులు తీయగానే అవి గడ్డిలోకి పరుగెత్తాయి.