కొట్టంలో మట్టి

లంబాడీల చరిత్ర అనగానే ఉప్పు, ధాన్యం మోసిన ఎడ్ల బిడారుల గురించే రాస్తారు. మొగలు సైన్యాలకు గింజలు చేరవేసింది మనవాళ్లే, నిజమే. ఆ బిడారులు ఆగాక ఏం చేశారన్నది మాత్రం తక్కువ రాశారు.

1889 నాటికి సికింద్రాబాదు నుంచి డోర్నకల్ మీదుగా బెజవాడ దాకా రైలు పడింది. ఎద్దు వీపు మీది బస్తా వ్యాగను ఎక్కింది. తండాలు కట్టుకొని చెలక దున్నడం మొదలుపెట్టిన వాళ్లకు ఉన్న ఆస్తల్లా పశువులే.

చెలకకు పెంట కావాలి. పేడ కుప్పకు చేరుతుంది, మరి మూత్రం? నత్రజని, పొటాష్ ఎక్కువగా ఉండేది అందులోనే. దాన్ని పట్టి ఉంచేది కొట్టంలోని మట్టి నేల. పొడి మట్టో, చెరువు ఒండ్రో పరిచి, బాగా తడిశాక తవ్వి చేనుకు తోలి, మళ్లీ కొత్తది పోయాలి. ఐరోపాలో ఇదే పనికి పీట్ వాడారు. అది తడినేలల్లో వేల ఏళ్లుగా పేరుకున్న నాచు, మొక్కల పొర. తన బరువుకు ఎన్నో రెట్లు నీరు పీలుస్తుంది. మన దగ్గర అది లేదు. అది ముదిరితే అయ్యే బొగ్గు మాత్రం పక్కనే ఇల్లెందులో ఉంది, పశువు కింద పరవడానికి పనికిరాదు!

ఇండోరులో ఆల్బర్ట్ హోవర్డ్ మూత్రం ఇంకిన కొట్టం మట్టిని కంపోస్టులో కలిపి, ఆ పద్ధతిని 1931లో పుస్తకంగా వేశాడు. రైతులే తన గురువులని కూడా చెప్పుకున్నాడు. పేరు మాత్రం ఇండోరు పద్ధతికే దక్కింది.

2015లో మొదలైన మిషన్ కాకతీయలో తీసిన ఒండ్రు ట్రాక్టర్లలో నేరుగా చేలకు వెళ్లింది. దారిలో కొన్నాళ్లు కొట్టంలో ఆగి ఉంటే దాని బలమే వేరు. చాలా కొట్టాల్లో అప్పటికే పశువులు లేవు.