దుర్భిణి చూపు - తూటా దారి

ప్రత్యేక సంచికకు ఒక్కొక్క సభ్యుడూ తాను పనిచేసిన శాఖకు సంబంధించిన చరిత్ర ఏదైనా రాసి ఇవ్వాలని సంపాదకవర్గం వారు కోరారు. రెవెన్యూ మిత్రులు జమాబందీ గురించీ, సర్వే మిత్రులు గొలుసుల గురించీ రాయగలరు. నేను పోలీసు శాఖలో ఆర్మరర్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఆయుధాలు శుభ్రం చేసేవాడని తప్ప ఆర్మరర్ అంటే ఏమిటో మా శాఖలోనే చాలామందికి తెలియదు. తుపాకి పేల్చేవాడు అందరికీ కనిపిస్తాడు. ఆ తుపాకి చూపిన చోటనే తూటా పడేటట్లు ముందుగా సరిచేసినవాడు ఎవరికీ కనిపించడు. ఆ సరిచేసే పనిని మేము జీరోయింగ్ అంటాము. దాని వెనుక మూడున్నర శతాబ్దాలకు పైబడిన చరిత్ర ఉన్నది. తుపాకి అంటే గిట్టనివారు కూడా చదవదగిన చరిత్ర అది.

రెండు గీతల తగవు

రైఫిలు మీద దుర్భిణి బిగిస్తే గురి దానంతట అదే కుదురుతుందని చాలామంది అనుకుంటారు. కాని దుర్భిణి దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా చూపిస్తుంది, అంతే. తూటా ఎక్కడ పడుతుందో దానికి తెలియదు.

చూపు సరళరేఖలో పోతుంది. తూటా అలా పోదు. గొట్టం వదలిన క్షణం నుంచే భూమి దాన్ని కిందికి లాగుతుంది. మనందరికీ పరిచయమైన త్రీ నాట్ త్రీ రైఫిలు తూటా సెకనుకు 2,440 అడుగుల వేగంతో బయలుదేరుతుంది. అంత వేగంలో కూడా 100 గజాలు చేరేసరికి సుమారు 3 అంగుళాలు, 200 గజాలకు అడుగుకు పైగా దిగిపోతుంది. పైగా దుర్భిణి ఉండేది గొట్టానికి పైన, కొన్నిటికి పక్కన. కనుక గొట్టాన్ని చూపుకన్న వెంట్రుకవాసి పైకి ఎత్తి ఉంచాలి. అప్పుడు తూటా కిందినుంచి లేచి చూపురేఖను ఒకసారి దాటి, మళ్ళీ దిగుతూ రెండోసారి దాటుతుంది. ఆ రెండో కలయిక మనం కోరిన దూరంలో జరిగేటట్లు చేయడమే జీరోయింగ్.

సాలెపురుగు చేసిన ఉపకారం

ఈ కథ యుద్ధభూమిలో కాక ఆకాశాన్ని చూసే దుర్భిణిలో మొదలైంది. ఇంగ్లండులోని లీడ్స్ పట్టణం దగ్గర విలియం గాస్కోయిన్ అనే ఖగోళ శాస్త్రాభిమాని ఉండేవాడు. 1640 ప్రాంతంలో ఆయన దుర్భిణి లోపల ఒక సాలెపురుగు దారం అల్లింది. ఆ దారం సరిగా కటకాలు బింబాన్ని ఏర్పరచే చోటనే పడటంతో, దూరపు వస్తువూ దారమూ రెండూ ఒకేసారి స్పష్టంగా కనిపించాయి. దుర్భిణిలో గురి గుర్తు పెట్టవచ్చునని ఆయనకు అలా తట్టింది. అంతకుముందు దుర్భిణి చూడటానికే పనికివచ్చేది. ఆ దారంతో అది కొలిచే సాధనమైంది. పాపం, గాస్కోయిన్ 1644 జూలై 2న మార్‌స్టన్ మూర్ యుద్ధంలో రాజు పక్షాన పోరాడుతూ చనిపోయాడు.

మన సర్వే శాఖ మిత్రులకు థియోడొలైటులోని అడ్డగీత, నిలువుగీత బాగా తెలుసు. ఒకప్పుడు వాటికి నిజమైన సాలెదారమే వాడేవారు. ఫేస్ లెఫ్ట్, ఫేస్ రైట్ అని రెండుసార్లు చూసి పరికరంలోని దోషాన్ని తీసివేయడం వారికి నిత్యకృత్యం. మా జీరోయింగ్ దానికి తమ్ముడి వరుస. తేడా ఒక్కటే. వారి తప్పు పటం మీద పడుతుంది, మా తప్పు మనిషి మీద పడుతుంది.

బొంబాయి సైన్యాధికారి, రాణిగారి గురి

రైఫిలు మీదికి దుర్భిణి ఎక్కడం 19వ శతాబ్దపు మాట. అమెరికాలో మోర్గాన్ జేమ్స్ అనే తుపాకుల తయారీదారు చేసిన దుర్భిణుల గురించి జాన్ చాప్‌మన్ 1844లో ఒక పుస్తకంలోనే వివరించాడు. ఆ దుర్భిణి గొట్టం ఇంచుమించు రైఫిలు గొట్టమంత పొడవు ఉండేది. గురి సవరించాలంటే దుర్భిణి మొత్తాన్ని దాని కొయ్యల మీద జరపవలసివచ్చేది.

మన దేశానికీ ఇందులో భాగమున్నది. బొంబాయి సైన్యంలో పనిచేసిన లెఫ్టినెంట్ కర్నల్ డేవిడ్ డేవిడ్‌సన్ ఇక్కడి వేట అనుభవంతోనే రైఫిలు దుర్భిణిని అభివృద్ధి చేశాడు. 1860లలో అది జోసెఫ్ విట్‌వర్త్ చేసిన రైఫిళ్ళకు ఎడమ పక్కన అమరింది. ఆ రైఫిలు గొట్టం లోపల గుండ్రంగా కాక ఆరు పలకలుగా ఉండేది. ఎన్‌ఫీల్డ్ రైఫిలు తూటా 78 అంగుళాల పొడవున ఒక్క చుట్టు తిరిగితే, విట్‌వర్త్ తూటా 20 అంగుళాలకే ఒక చుట్టు తిరిగేది. అందువల్ల చాలా దూరం చెదరకుండా పోయేది.

1860 జూలై 2న వింబుల్డన్ మైదానంలో నేషనల్ రైఫిల్ అసోసియేషన్ పోటీలను విక్టోరియా రాణి ప్రారంభించారు. విట్‌వర్త్ తన రైఫిలును ఇనుప పీట మీద కదలకుండా బిగించి, 400 గజాల దూరంలోని గురికి ముందే సరిచేసి ఉంచాడు. రాణిగారు చేసింది పట్టుతాడు లాగడమే. తూటా కేంద్రానికి అంగుళంబావు దూరంలో తగిలింది. చప్పట్లు రాణిగారికి దక్కాయి. పేల్చేవారొకరు, సరిచేసేవారొకరు అనే మాటకు ఇంతకన్న మంచి ఉదాహరణ నాకు తెలియదు.

నాలుగేళ్ళకే ఆ రైఫిలు మరో ముఖం చూపింది. అమెరికా అంతర్యుద్ధంలో, 1864 మే 9న, స్పాట్సిల్వేనియా దగ్గర జనరల్ జాన్ సెడ్‌విక్ దూరపు తూటాకు బలయ్యాడు. అంత దూరం నుంచి శత్రువు ఏనుగును కూడా కొట్టలేడని తన సైనికులకు ధైర్యం చెబుతున్న సమయంలో అది జరిగింది. ఆ తూటా విట్‌వర్త్ రైఫిలుదేనని చాలామంది అంటారు.

ఝాన్సీలో పుట్టిన మేజరు

మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్ల దగ్గర దుర్భిణి రైఫిళ్ళు, వాటిని వాడటం తెలిసిన వేటగాళ్ళు మొదటినుంచీ ఉన్నారు. బ్రిటిషువారు తొందరతొందరగా రకరకాల దుర్భిణులు తెచ్చి బిగించారు. పైనుంచి తూటాల క్లిప్పు నింపడానికి అడ్డు రాకూడదని వాటిలో చాలావాటిని ఎడమ పక్కకు పెట్టారు. దానితో చూపురేఖ, తూటా దారి అడ్డంగా కూడా వేరైపోయాయి. ఆ లెక్క సిపాయికి చెప్పినవారు లేరు.

అప్పుడు రంగంలోకి వచ్చినవాడు మేజర్ హెస్కెత్ ప్రిచార్డ్. 1876లో మన ఝాన్సీలో పుట్టాడు. క్రికెటరు, వేటగాడు, రచయిత. కందకాల వెంట తిరిగి దుర్భిణి రైఫిళ్ళను పరీక్షించి చూస్తే, చాలావాటి గురి తప్పి ఉన్నది. ఒక బెటాలియన్ నుంచి మరో బెటాలియన్‌కు చేతులు మారుతూ, బురదలో దెబ్బలు తింటూ, బిగింపులు వదులైపోయి, ఎవరి బాధ్యతా కాకుండా పోయాయి. సిపాయి మాత్రం దుర్భిణిలో శత్రువు తల స్పష్టంగా చూస్తాడు, పేలుస్తాడు, తగలదు. తానున్న చోటు శత్రువుకు తెలిసిపోతుంది. రెండో తూటా శత్రువుది.

ప్రిచార్డ్ కొత్త తుపాకి ఏదీ కనిపెట్టలేదు. ఉన్నవాటిని సరిచేయించాడు, ఒక్కొక్క రైఫిలును ఒక్కొక్క మనిషి బాధ్యత చేశాడు. 1916లో ఫ్రాన్స్‌లోని లాంగెమ్ గ్రామంలో ఇందుకొక శిక్షణ పాఠశాల నడిపాడు. 1920లో ఈ అనుభవాలన్నీ పుస్తకంగా వెలువరించి, 1922లో కన్నుమూశాడు. ఆయన పని వల్ల ఎందరు సిపాయిలు ప్రాణాలతో ఇల్లు చేరారో లెక్క కట్టడం ఎవరివల్లా కాదు.

అంకెల జోడీ

రెండో ప్రపంచయుద్ధం నాటికి ఈ పాఠం వంటబట్టింది. 1942లో వచ్చిన నంబర్ 4 టి స్నైపర్ రైఫిలు అందుకు సాక్ష్యం. ఫ్యాక్టరీలో పరీక్షించినప్పుడు బాగా కొట్టిన రైఫిళ్ళను ఏరి, లండన్‌లోని హాలండ్ అండ్ హాలండ్ కంపెనీకి పంపేవారు. అక్కడి ఫిట్టర్లు ఒక్కొక్క రైఫిలుకు ఒక్కొక్క దుర్భిణిని చేత్తో అమర్చి, ఆ దుర్భిణి నంబరును రైఫిలు మీద, రైఫిలు నంబరును దుర్భిణి బ్రాకెట్టు మీద కొట్టేవారు. జాతకాలు కలిపి చేసిన పెళ్ళి లాంటిదది. ఒకదాని దుర్భిణి తెచ్చి మరొకదానికి పెడితే గురి కుదరదు.

ఆ నంబర్ 32 దుర్భిణి మూడు రెట్లు పెద్దదిగా చూపేది. మొదటి రకంలో పక్కకు సవరించే ఒక్కొక్క క్లిక్కుకు రెండు నిమిషాల కోణం జరిగేది. రెండో రకంలో దాన్ని ఒక నిమిషానికి తగ్గించారు. ఈ రెంటినీ జీరో చేయాలంటే ప్రత్యేక పనిముట్టుతో ఒకటి పట్టుకుని మరొకటి తిప్పాలి. రెండు చేతులు చాలవు, మూడోది కావాలి. 1944 నాటి మూడో రకంలో ఆ కష్టం తీర్చారు. ఈ మార్పు ఆర్మరర్ల గోడు విని చేసినదే అయి ఉంటుందని నేను నమ్ముతాను.

మా కాలపు పద్ధతి

మా దగ్గర ఎక్కువగా ఉన్నవి ఇనుప సైట్ల రైఫిళ్ళే. వాటికి సూత్రం తమాషాగా ఉంటుంది. తూటా ఎటు తప్పితే ముందు సైటును అటే జరపాలి. ఎడమకు పడుతుంటే ఎడమకు, కిందికి పడుతుంటే కిందికి. కొత్త కుర్రవాళ్ళు దీన్ని నమ్మేవారు కాదు. దుర్భిణిలో అయితే తూటా ఎటు రావాలో అటు తిప్పితే చాలు.

దుర్భిణి రైఫిలుకు ముందు బోల్టు తీసి, రైఫిలును ఇసుక సంచుల మీద కదలకుండా పెట్టి, గొట్టంలోంచి 25 గజాల దూరంలోని గుర్తును చూస్తాము. గొట్టాన్ని కదల్చకుండా దుర్భిణి గీతలను అదే గుర్తు మీదికి తెస్తాము. ఇది తూటా ఖర్చు లేని పని. కాని దీనితో తూటా కాగితం మీద పడుతుందన్న భరోసా మాత్రమే వస్తుంది.

ఆ తరువాత గొట్టంలోని నూనె తుడిచి, 100 గజాల నుంచి ఒకే గురితో నాలుగైదు తూటాలు కాల్పించాలి. నూనె ఉన్న గొట్టం నుంచి మొదటి తూటా వేరే చోట పడుతుంది. ఒక్క తూటాను చూసి ఎన్నడూ సవరించకూడదు. గుంపు మధ్య బిందువును చూసే సవరించాలి. ఒక నిమిషం కోణం 100 గజాలకు దాదాపు ఒక అంగుళం. గుంపు 3 అంగుళాలు కిందికి, 2 అంగుళాలు ఎడమకు ఉంటే 3 క్లిక్కులు పైకి, 2 కుడికి. అదే సవరణ 25 గజాల నుంచి చేస్తే అంగుళానికి నాలుగు క్లిక్కులు. మళ్ళీ కాల్చి చూసి, దూరం పెంచి మరోసారి చూసి, రిజిస్టరులో రాసి సంతకం చేయాలి.

గోడ గడియారాన్ని పక్కనుంచి చూస్తే ముల్లు ఒక నిమిషం తేడాగా కనిపిస్తుంది కదా. దుర్భిణిలోనూ తల పక్కకు పెడితే అలాగే మోసపోతాము. అందుకే ఎవరి రైఫిలును వారి చేతనే కాల్పించి చూడటం మేలు.

ఇప్పుడు గొట్టం మూతికి పెట్టే లేజర్ దీపాలు వచ్చాయి. పాతకాలంలో బోల్టు తీసి గొట్టంలోంచి చూసే పనినే అవి త్వరగా చేస్తాయి. చివరి మాట మాత్రం ఈనాటికీ కాగితం మీద పడిన తూటా రంధ్రానిదే.

పోలీసు పనిలో ఒక్క తూటాకు కూడా జవాబు చెప్పాలి. దారి తప్పిన తూటాకు నేరస్థుడూ బాటసారీ ఒకటే. అందుకే జీరో చేయని రైఫిలును బయటికి ఇవ్వకూడదన్నది మా వృత్తిధర్మం. విట్‌వర్త్ పేరు, ప్రిచార్డ్ పేరు పుస్తకాలలో నిలిచాయి. లండన్ ఫిట్టర్ల పేర్లు నిలవలేదు, వారు కొట్టిన అంకెలు మాత్రం ఇనుము మీద ఉన్నాయి. మన సంఘ సభ్యులలో కూడా ఇలా తెరవెనుక అంకెలు సరిచూసి సంతకం చేసినవారే ఎక్కువ. వారంతా తమ తమ పనుల చరిత్రను వచ్చే సంచికలకు రాసి పంపితే మన పిల్లలకు తెలుస్తుంది.