రంపం ధర

పుస్తకాల అల్మారా సొంతంగా చేసుకోవాలన్న కోరికతో కిందటేడు రెండు చౌక రంపాలు కొన్నాను. ఒకటి హార్డ్‌వేర్ దుకాణంలోది. ప్లాస్టిక్ పిడి, నల్లగా కాలినట్లున్న పళ్ళకొసలు. రెండోది సంతలోది. కర్రపిడి, ఎగుడుదిగుడు పళ్ళు. ధరలో పెద్ద తేడా లేదు. టేకు చెక్క మీద పదేసి కోతలు కోసి చూశాను. మొదటిది గీత తప్పలేదు. రెండోది నాలుగో కోతకే పక్కకు పోయి, చెక్కలో బిగుసుకుంది.

పరీక్ష అక్కడితో ముగిసేదే. కానీ మా వీధి చివర పనిచేసే చారి ఆ సంత రంపం తీసుకుని, ముక్కోణపు ఆకురాయితో పన్నుపన్నూ రాసి, ఒకటి విడిచి ఒకటి అటూ ఇటూ వంచాడు. కోత వెడల్పు రేకు మందం కంటె కాస్త ఎక్కువగా ఉంటేనే రంపం చెక్కలో ఆడుతుంది. అరగంట పని. ఆ తర్వాత అది మొదటిదానికి ఏమీ తీసిపోలేదు. మొదటిదానికీ పదును పెట్టమన్నాను.

“దీనికి ఆకురాయి పడది సారూ. మొండిగైతె పారేసుడే” అన్నాడు.

విద్యుత్తుతో పళ్ళకొసలను మాత్రమే క్షణంలో కాల్చి చల్లార్చి, ఆకురాయి కంటె గట్టిగా చేస్తారు. అందుకే ఆ నలుపు. పదును చాలాకాలం నిలుస్తుంది. కానీ పోయిన పదును మళ్ళీ రాదు. 1840లో ఫిలడెల్ఫియాలో రంపాల వ్యాపారం పెట్టిన హెన్రీ డిస్టన్ కూడా పెట్టుబడిదారుడే. అయినా అతని కంపెనీ రంపంతోపాటు ఆకురాళ్ళూ అమ్మింది, పదును పెట్టే విధం చెబుతూ పుస్తకాలూ వేసింది. కొన్నవాడి చేతిలో ఆ విద్య ఉంటుందని దాని లెక్క. నేటి చౌక రంపం ఆ విద్యను లెక్కలోంచి కొట్టివేసింది.

మంచి రంపానికి మంచి ఉక్కు కావాలి. 1740 ప్రాంతంలో షెఫీల్డ్ వద్ద బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల పనివాడు మట్టిమూసలో ఉక్కు కరిగించడం సాధించాడు. పాఠ్యపుస్తకాల్లో అతను ఉంటాడు. అంతకు ఎంతో ముందునుంచీ మూసల్లో ఉక్కు చేసిన మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం కమ్మరుల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. పారశీక వర్తకులు వచ్చి కొనుక్కుపోయిన ఉక్కు అది.

షెఫీల్డ్‌లోనైనా రేకు సానపట్టినవాడి పేరు దొరకడం కష్టమే. ముళ్ళచెంచాలకు పొడిరాయి మీద సానపట్టేవాళ్ళు దుమ్ము పీల్చి నడివయసు చూడకుండానే చచ్చిపోయేవారు. రంపాలవాళ్ళది తడిరాయి గనుక దుమ్ము తక్కువ. కాని వేగంగా తిరిగే రాయి పగిలిందా, మనిషి దక్కేవాడు కాదు. వాళ్ళు సంఘం కట్టుకున్నారు. చందా ఎగగొట్టినవాడి సానచక్రం తోలుపట్టా రాత్రికి రాత్రి మాయమయ్యేది. అంతటితో ఆగలేదు. 1866 అక్టోబరులో సంఘాన్ని ధిక్కరించిన ఫెర్నీహో అనే కార్మికుడి ఇంటి నేలమాళిగలో మందు పేల్చారు. మరుసటేడు విచారణ సంఘం ముందు రంపపు సానకార్మికుల కార్యదర్శి విలియం బ్రాడ్‌హెడ్, డబ్బిచ్చి ఇలాంటివి చేయించానని ఒప్పుకున్నాడు. లిన్లీ అనే సానకార్మికుణ్ణి కాల్పించింది కూడా తానేనన్నాడు. అతని నేరం? పనినేర్చుకునే కుర్రాళ్ళను ఎక్కువమందిని పెట్టుకోవడం.

దీన్ని నేను సమర్థించను. తోటి కార్మికుడి మీద తుపాకీ పేల్చడం పోరాటం కాదు. కానీ ఆ రోజుల్లో సంఘం నిధి కాజేసినవాణ్ణి కోర్టుకు లాగే హక్కు కూడా సంఘానికి లేదు. చట్టబద్ధత 1871లోగాని రాలేదు. కుర్రాళ్ళు పెరిగితే కూలి పడిపోతుంది, కూలి పడిపోతే రంపం చౌక అవుతుంది. లిన్లీ వల్ల భయం అదే.

1870లో చార్లెస్ రీడ్ ఈ గొడవమీదే నవల వేశాడు, ‘పుట్ యువర్‌సెల్ఫ్ ఇన్ హిజ్ ప్లేస్’ అని. సానకార్మికుల రోగాలను అతను చూడకపోలేదు, రాశాడు కూడా. అయినా కథలో ప్రతినాయకత్వం సంఘానిదే. ‘అతని స్థానంలో నిలబడి చూడు’ అన్న పేరు పెట్టుకున్న నవల ఎవరి స్థానంలో నిలబడిందో మన విద్యార్థులు చదివి తేల్చుకోవాలి. మన కథల్లోనూ వడ్రంగి ఉలి తళతళలాడుతూనే ఉంటుంది. దానికి పదును పెట్టే అరగంట మాత్రం ఏ కథలోనూ నాకు కనబడలేదు. నేనూ రాయలేదు.

అల్మారా పూర్తయింది, కాస్త వంకరగానే. ఈ వేసవిలో ఒక పాత తుమ్మమొద్దు కోస్తుంటే ప్లాస్టిక్ పిడి రంపం మొండికేసింది. చారి దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, పిడి విరగ్గొట్టి పారేశాడు. రేకును ముక్కలు చేసి చెక్క గీకడానికి వాడుకుంటానని సంచిలో వేసుకున్నాడు.